రేకు పెట్టెలో ఏముంది?

వీలునామా, ప్రోనోటు, బీమా బాండు, ఎఫ్‌ఐఆర్ నకలు... ఏ ఇంటికైనా ఏదో ఒకరోజు అవసరమయ్యే కాగితాలివి. అవి ఇంట్లో ఉండటం వేరు, చెల్లేలా ఉండటం వేరు.

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలంతా బస్సులెక్కి వెళ్లాక, అటక మీది రేకు పెట్టె దించాం. తాళంచెవి దేవుడి గూట్లో కుంకుమభరిణె కింద ఉంది. మూత తియ్యగానే కలరా ఉండల వాసన. కాగితాలన్నిటికీ కలిపి వేసిన రబ్బరు బ్యాండు ఎండి గట్టిపడిపోయి, ముట్టుకోగానే తెగి ఒళ్లో పడింది.

ఇంటి దస్తావేజు, ఎల్‌ఐసీ బాండు, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, మూడు ప్రోనోట్లు. అన్నిటికంటే అడుగున, రూళ్ల పుస్తకంలోంచి చింపిన ఒక కాగితం. అందులో నాన్న గుండ్రటి అక్షరాలు: తన తదనంతరం ఇల్లు అమ్మకి, అమ్మ తర్వాత ముగ్గురు పిల్లలకీ సమానంగా. కింద సంతకం, తేదీ. సాక్షుల సంతకాలు లేవు.

నాన్న తణుకు దగ్గర పల్లెటూళ్లో ముప్పై ఏళ్లకు పైగా పోస్టుమాస్టరుగా చేశాడు. ఊళ్లో సగం మంది మనియార్డరు ఫారాలు, పింఛను దరఖాస్తులు ఆయన చేతి రాతే. ఎవరి కాగితంలో ఏ గడి ఖాళీగా ఉన్నా ఊరుకునేవాడు కాదు. అలాంటి మనిషి సొంత వీలునామాలో ఇద్దరి సంతకాలు లేక, ఆ కాగితం ఉత్త కాగితమైపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి నేను కనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతున్నాను, మీ ఇంట్లో ఏమేం కాగితాలున్నాయి, వాటి మీద ఏ తేదీలున్నాయి అని.

రెండు సంతకాల దూరం

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ప్లీడరు రాయాలని కూడా లేదు. తెల్లకాగితం మీద సొంత చేత్తో తెలుగులో రాసుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ పట్టుబట్టి అడిగేది ఒకటే: రాసినవాళ్లు సంతకం చేస్తుండగా చూసిన, లేదా ‘ఇది నా సంతకమే’ అని వాళ్ల నోట విన్న ఇద్దరు సాక్షులు, ఆ మనిషి ఎదుటే సంతకాలు చెయ్యాలి. సాక్షులు వీలునామా చదవనక్కర్లేదు, అందులో ఏముందో వాళ్లకి తెలియనక్కర్లేదు.

రేపు ఎవరైనా తగాదాకి వస్తే, బతికున్న సాక్షుల్లో కనీసం ఒక్కరైనా కోర్టుకి వచ్చి చెప్పాలి. కాబట్టి సాక్షులు మనకంటే చిన్నవాళ్లైతే మేలు. ఆస్తి పొందబోయే కొడుకునో కోడలినో సాక్షిగా పెట్టుకోకపోవడం ఇంకా మేలు. ‘నా ఆస్తి అంతా’ అని ఊరుకోకుండా డోరు నంబరు, సర్వే నంబరు, హద్దులు రాయాలి. ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు, చెల్లేది చిట్టచివరిది. సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయిస్తే కాగితం పోయిందనో, మార్చేశారనో భయం ఉండదు. ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు: వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకి మించి వీలునామా ద్వారా ఇవ్వడం కుదరదు.

మా ఇంట్లో వీలునామా చెల్లలేదు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చి కూర్చుంది. ఇల్లు నాన్న సొంత డబ్బుతో కొన్నది. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లెలు, నలుగురికీ తలా నాలుగో వంతు. నాయనమ్మ బతికుంటే ఆవిడకీ ఒక వాటా వచ్చేది. చనిపోయినవాడి తల్లి మొదటి తరగతి వారసురాలని చాలామందికి తెలియదు. కొడుకు పోయిన ముసలమ్మని ‘నీకేం వస్తుంది’ అని పక్కన కూర్చోబెట్టేస్తారు. ఆవిడకి భార్యా బిడ్డలతో సమానంగా వస్తుంది.

ఇల్లంతా అమ్మ పేర ఉండాలన్నది నాన్న మాట. ఆ మాట నిలబెట్టాలంటే మేం ముగ్గురం మా వాటాలు వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో, డాక్యుమెంటు రైటరు బల్ల దగ్గర, చెల్లెలు ముందు సంతకం పెట్టింది. పెళ్లై పద్దెనిమిదేళ్లైన మనిషి. తనకి వాటా ఉందని అంతకు వారం ముందు దాకా తనకే తెలియదు. తెలిసిన వారానికే, అమ్మ కోసం వదిలేసింది. వేలికంటిన సిరా చీర చెంగుకి తుడుచుకుంటూ, ‘ఇదేంటన్నయ్యా, నాకుందని తెలిసిన రోజే ఇచ్చేస్తున్నాను’ అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

‘ఆడపిల్లకి కట్నం ఇచ్చేశాం కదా’ అన్న మాట మన ఇళ్లలో చట్టం కంటే గట్టిగా చలామణీ అవుతోంది. కట్నం ఇచ్చామన్నంత మాత్రాన కూతురి వారసత్వ హక్కు పోదు. ఉమ్మడి ఆస్తి విషయంలో దేశానికి దారి చూపింది మన తెలుగు నేలే. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. కేంద్రం ఆ పని చెయ్యడానికి 2005 దాకా పట్టింది. తండ్రి 2005కి ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ‘నోటి మాటగా ఎప్పుడో పంచేసుకున్నాం’ అనే వాదనని కూడా గట్టి రుజువు లేనిదే ఒప్పుకోవద్దని అదే తీర్పు చెప్పింది.

నామినీ అంటే యజమాని కాదు

ఎల్‌ఐసీ బాండు విప్పితే నామినీ దగ్గర నాయనమ్మ పేరుంది. నాన్న పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ అది. ఆవిడ పోయి పదిహేనేళ్లు. మధ్యలో పెళ్లైంది, ముగ్గురు పిల్లలు పుట్టారు, ఆ గడి మాత్రం అలాగే ఉండిపోయింది. పోయిన మనిషి నామినీగా ఉంటే నామినీ లేనట్టే. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం, మిగతా కాగితాల కోసం మేం తిరిగిన తిరుగుడు అంతా ఆ ఒక్క గడి వల్లే.

నామినీ ఉన్నా అంతా అయిపోయినట్టు కాదు. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల విషయంలో నామినీ కేవలం డబ్బు అందుకునే మనిషి. అందుకుని వారసులకి పంచాలి. షేర్ల సంగతి 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మరోసారి ఖాయం చేసింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులో, భార్య లేదా భర్తో, పిల్లలో నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంతో శాతాలు రాసి మరీ.

ఇక్కడ పెద్దవాళ్లకి ఒక మాట. బతికుండగానే ఇల్లు పిల్లల పేర రాసిచ్చేసే అలవాటు మనకి బాగా ఎక్కువ. వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దాన దస్తావేజు రిజిస్టరైన రోజునే ఇల్లు చెయ్యి దాటిపోతుంది. ఒకవేళ రాయక తప్పకపోతే, ‘జీవితాంతం ఈ ఇంట్లో ఉండే హక్కు మాది, మమ్మల్ని చూసుకునే షరతు మీద ఇస్తున్నాం’ అని అందులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే దస్తావేజునే రద్దు చెయ్యమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. ట్రిబ్యునల్ అంటే ఎక్కడో దూరాన కాదు, మీ డివిజన్ ఆర్డీవో గారే. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు ఒక తల్లికి ఆమె ఆస్తిని ఇలాగే వెనక్కి ఇప్పించింది. అయినా ఆ గడప ఎక్కే అవసరం ఏ తల్లికీ రాకూడదు. వీలునామా రాసుకుని ఇల్లు తమ పేరనే ఉంచుకున్న పెద్దవాళ్లని చూస్తే నాకు మనసు నిమ్మళంగా ఉంటుంది.

చెల్లు రాయని నోటు

మూడు ప్రోనోట్లలో రెండు చిన్నవి, ఒకటి లక్షన్నరది. తీసుకున్నది ఊళ్లో బాగా కావలసినవాళ్లే. పైన రాసిన తేదీ చూస్తే నాలుగేళ్లు దాటింది. వెనక్కి తిప్పి చూస్తే తెల్లగా ఉంది.

అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకి రాసిన రోజు నుంచి మూడేళ్లు గడువు. ఆలోపు దావా వెయ్యాలి. లేదా బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక ‘ఇంత చెల్లు’ అని తేదీతో రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. వంద రూపాయల చెల్లైనా సరే. లక్షన్నర తీసుకున్నాయన మధ్యలో వడ్డీ కట్టాడని అమ్మకి గుర్తుంది. మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, కట్టి వెళ్లేవాడట. వెనక మాత్రం రాయలేదు. మొహమాటం. నాన్నకి అడగడానికి మొహమాటం, ఆయనకి రాయడానికి తోచలేదు. కోర్టు దృష్టిలో ఆ నోటు చచ్చిపోయింది. ఆయన మాట మీద నిలబడి ఈ మధ్యే కొంత ఇచ్చాడు, అది ఆయన మంచితనం.

అప్పు తీసుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే జాగ్రత్త ఇంకోటి. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వకండి. సంతకం చేసిచ్చిన ఖాళీ నోటుని నింపుకునే అధికారం చట్టమే ఎదుటివాడికి ఇస్తుంది. అప్పు తీరిన రోజున నోటు వెనక్కి తీసుకుని మీ చేత్తో చింపాలి. చెక్కు బౌన్సయితే లెక్క రోజుల్లో ఉంటుంది: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

రోడ్డు మీద పడ్డ మనిషి

పెట్టెలో లేని కాగితాల గురించి ఇప్పుడు. ఇవి ఆసుపత్రి వరండాల్లో పుడతాయి, అక్కడే పోతాయి కూడా.

ప్రమాదం జరిగిన ఇంట్లో మొదటి వారం ఎవరూ కాగితాల గురించి ఆలోచించరు. సరిగ్గా ఆ వారంలోనే ఊరి పెద్దమనిషి ఒకాయన వస్తాడు, ‘లారీ ఓనరు మనవాడే, యాభై వేలిస్తానంటున్నాడు, కేసు ఎందుకు’ అంటూ. ఆసుపత్రి గేటు దగ్గర ఇంకొకరు, ‘క్లెయిము నేను చూసుకుంటాను, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి చాలు’ అని ఖాళీ వకాల్తా మీద సంతకాలు అడుగుతారు. వాళ్లు ఎంత వదులుకోమంటున్నారో తెలియాలంటే లెక్క చూడాలి.

ఆటో నడిపే మనిషి ఒకరు, వయసు 38, నెలకి 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. ఎదుటి లారీ డ్రైవరు నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయింది. 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు పెట్టిన పద్ధతి ప్రకారం, సొంతంగా సంపాదించుకునే 40 ఏళ్లలోపు మనిషికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. 21,000 అవుతుంది. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసెయ్యాలి. మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకి గుణకం 15. మొత్తం 28,35,000. దీనిమీద అంత్యక్రియల ఖర్చు, భార్యా పిల్లలకి కలిగిన ఎడబాటు కింద ఇచ్చేవి వేరే.

యాభై వేలకీ, ఇరవై ఎనిమిది లక్షలకీ మధ్య ఇద్దరు పిల్లల చదువు ఉంది.

గృహిణికి సంపాదన లేదు కదా అంటారు. ఇంటి చాకిరీకి వెల కట్టి తీరాల్సిందేనని 2021 కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలు పోయిన డ్రైవరుకి డాక్టరు 40 శాతం వైకల్యం అని రాసినా, ఇక బండి నడపలేడు కాబట్టి సంపాదన మొత్తం పోయినట్టు లెక్కగట్టే వీలుంది. కాబట్టి ఏ పని చేసేవాడో, ఎంత వచ్చేదో చూపే ప్రతి చిన్న ఆధారమూ దాచాలి: ఆటో ఫైనాన్స్ కిస్తీల పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లెక్కలు.

మొదట కావలసింది ఎఫ్‌ఐఆర్. ఫిర్యాదు చేసినవాళ్లకి దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ప్రమాదం ఏ స్టేషను పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషను జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది. క్లెయిము వెయ్యడానికి ప్రమాదం జరిగిన ఊరికే వెళ్లనక్కర్లేదు, మీరుండే చోటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. ఆ గడువు సబబా కాదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలల్లోపే వేసెయ్యండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా దారి మూసుకుపోదు: ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 ఇచ్చే పథకం ఉంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం పొందే వీలు వచ్చింది. అడ్మిషను కౌంటరు దగ్గర డబ్బు కట్టమన్నప్పుడు ఈ సంగతి గట్టిగా అడగాలి.

పిన్ని నాలుగు గంటలు

మా పిన్ని టీచరుగా రిటైరైంది. ఒకరోజు పొద్దున్న ఫోను. ఆవిడ ఆధార్‌తో బుక్కయిన పార్శిల్లో మత్తుమందు దొరికిందట. వీడియో కాల్లో ఖాకీ యూనిఫాం, వెనక గోడ మీద జాతీయ చిహ్నం. ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గది తలుపు వేసుకోండి, ఎవరితోనూ మాట్లాడొద్దు.’ నాలుగు గంటలు ఆ ఫోనుకి ఎదురుగా కూర్చుంది. పొయ్యి మీద పెట్టిన పప్పు మాడి పొగొస్తుంటే, లేచి పొయ్యి కట్టేసుకోవడానికి కూడా వాళ్లని అనుమతి అడిగింది. చివరికి రెండు లక్షలు పంపించేసింది.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. అరెస్టు చెయ్యాలంటే పోలీసు మనిషి ఎదురుగా రావాలి, కారణం చెప్పాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్లకి తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఏ స్టేషనూ వీడియో కాల్లో డబ్బు కట్టించుకోదు.

ఆవిడ మాకు చెప్పింది మర్నాడు సాయంత్రం. అదీ ‘ఎవరికీ చెప్పకురా, నలుగురిలో నవ్వులపాలవుతాను’ అంటూ. డబ్బు కంటే ఆ సిగ్గు ఎక్కువ నష్టం చేసింది. మోసపోయిన సొమ్ము గంటల్లో ఖాతా నుంచి ఖాతాకి పారిపోతుంది. వెంటనే 1930కి ఫోను చేస్తే అది చేరిన ఖాతాల్లోనే నిలిపేసే ప్రయత్నం చేస్తారు. మేం చేసేసరికి కొంతే మిగిలింది. ఇలా ఆగిన డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకి తిరిగి ఇప్పించే పద్ధతి తెలంగాణలో నడుస్తోంది.

పిన్నిలా మనమే పంపితే ఒక లెక్క, మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి పోతే ఇంకో లెక్క. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, మెసేజి వచ్చిన మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే మన మీద నష్టం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భరించాలి. ఓటీపీ మనమే చెప్పేసినా సరే, బ్యాంకుకి తెలియజేసిన క్షణం తర్వాత పోయినది బ్యాంకే భరించాలి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు.

వీటిలో దేనికైనా ప్లీడరు ఫీజు ఎక్కడ తెచ్చేది అని వెనక్కి తగ్గేవాళ్లని చూశాను. ప్రతి కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోను నంబరు 15100. స్త్రీలకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరుని పెట్టిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అప్పీలు మాత్రం ఉండదు. అందుకని ప్రమాదం క్లెయిమైతే అక్కడ చెప్పే అంకెని పైన వేసిన లెక్కతో పోల్చి చూసుకున్నాకే ఒప్పుకోవాలి.

పోయిన నెల నా వీలునామా రాసుకున్నాను. పక్కింటి కుర్రాడు, ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి సాక్షులు. ‘ఇప్పుడేం ముంచుకొచ్చిందని’ అంటూ నా భార్య వంటింట్లోంచి రాలేదు. టీ మాత్రం పంపింది. సంతకాలయ్యాక కాగితం మడిచి, పెట్టెలో ఏమేం ఉన్నాయో రాసిన జాబితాతో కలిపి కవర్లో పెడుతుంటే, అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని చూస్తున్న అమ్మ పిలిచింది.

‘ఒరేయ్, ఆ కుర్రాణ్ణి ఇంకాసేపు ఉండమను. నాదీ రాద్దువుగాని. ఇల్లు మీ నాన్న చెప్పినట్టే. గాజులు మాత్రం నీ చెల్లెలికని రాయి. రెండు జతలు. ఏవి పుట్టింటివో, ఏవి ఇక్కడ చేయించినవో కూడా రాయి.’